ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధన – ఆన్‌లైన్ ఆటలు

ఇంట్లో ఇంగ్లీషు వినపడని పిల్లలకు ఆ భాష నేర్పడానికి ఆన్‌లైన్ ఆటలను పాఠంలో భాగంగా వాడే పద్ధతి ఇది. 1980లలో కంప్యూటర్ ఆటల రూపంలో మొదలై, ఇంటర్నెట్ వచ్చాక విస్తరించి, 2020 నాటి కరోనా లాక్‌డౌన్లతో చాలా దేశాల్లో మామూలు తరగతి గదికి చేరింది. దాదాపు 11 నుంచి 16 ఏళ్ల పిల్లల విషయంలో దీని గురించి ఎక్కువ చర్చ జరగడానికి కారణం ఉంది. ప్రాథమిక తరగతుల్లో పాటలతో, బొమ్మలతో సాగిన ఇంగ్లీషు హైస్కూలుకు వచ్చేసరికి ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టే నోటు పుస్తకంగా మారిపోతుంది. తప్పు మాట్లాడితే పక్కవాళ్లు నవ్వుతారన్న బెరుకు ముదిరేది కూడా ఈ వయసులోనే. తెలుగు ఇళ్లలో ‘ఆన్‌లైన్ గేమ్’ అనగానే డబ్బు పెట్టి ఆడే రమ్మీయో, రాత్రంతా ఫోను వదలని కుర్రవాడో గుర్తుకొస్తారు కాబట్టి, ఇక్కడ చెబుతున్నవి వేరే ఆటలని ముందే అనుకోవాలి.

ఈ రంగంలో వచ్చిన పరిశోధనలను ఒకచోట పెట్టి చదివితే ఒక సంగతి మళ్లీ మళ్లీ తేలుతుంది. ఆట ఎంత రంగురంగులుగా ఉంది, పిల్లలు ఎంత కేరింతలు కొట్టారు అన్నవి ఫలితాన్ని తేల్చవు. గెలవాలంటే పిల్లవాడు ఇంగ్లీషుతో ఏ పని చేయాల్సి వచ్చిందన్నదే తేలుస్తుంది.

ఏవి ఆటలు, ఏవి కావు

పాఠానికి పాయింట్లు, బ్యాడ్జీలు, వరుస రోజుల లెక్క తగిలించడాన్ని గేమిఫికేషన్ అంటారు. 2012లో అందరికీ అందుబాటులోకి వచ్చిన డ్యువోలింగో దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. అక్కడ చేసేది అభ్యాసమే, పైపూత ఆటది. దీన్ని పక్కన పెడితే, తరగతిలో వాడే ఆటలను భాష ఏ స్థానంలో ఉందన్నదాన్ని బట్టి విడదీసి చూడటం మేలు.

కొన్నింటిలో భాషే ప్రశ్న. ఈ మాటకు అర్థమేమిటి, ఈ ఖాళీలో ఏ ప్రిపొజిషన్ వస్తుంది, ఏది సరైన స్పెల్లింగు అని అడిగే కహూట్, క్విజిజ్, క్విజ్‌లెట్ లాంటివి ఈ కోవలోవి. ఇంకొన్నింటిలో భాష పనిముట్టు. బాంబును నిర్వీర్యం చేయాలి, తెలియని రోడ్డు ఏ దేశంలోదో కనిపెట్టాలి, నలుగురు కలిసి ఇల్లు కట్టాలి. ఇంగ్లీషులో మాట్లాడుకోకపోతే పని జరగదు. మరికొన్నింటిలో భాష ఆట చుట్టూ ఉంటుంది. ఆటలో మాటలే ఉండకపోవచ్చు గానీ, దాన్ని గెలిచే దారి చెప్పే వాక్‌త్రూలు, సమీక్షలు, ఆటగాళ్ల చాట్ అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. మన బడుల్లో మొదటి రకమే ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే దానికి తయారీ తక్కువ, మార్కులు వెంటనే వస్తాయి. మాట్లాడించేవి మాత్రం మిగతా రెండు రకాలు.

బెంగళూరు ప్రాజెక్టు

ఈ తేడాను తరగతి గదుల్లోకి కంప్యూటర్లు రాకముందే దక్షిణ భారతదేశంలో పట్టుకున్నారు. ఎన్.ఎస్. ప్రభు నాయకత్వంలో 1979 నుంచి 1984 వరకు నడిచిన ప్రయోగం భాషా బోధన లోకంలో బెంగళూరు ప్రాజెక్టుగా పేరు పొందింది. వ్యాకరణ సూత్రాలు ముందుగా చెప్పకుండా, రైళ్ల టైంటేబుల్, మ్యాపు లాంటివి చేతికిచ్చి, వాటి ఆధారంగా సమస్యలు పరిష్కరింపజేశారు. పని మీద మనసు పెట్టిన పిల్లవాడికి భాష దానంతట అది పడుతుందన్నది ఆయన నమ్మకం. 1987లో వచ్చిన ‘సెకండ్ లాంగ్వేజ్ పెడగాజీ’ పుస్తకంలో ఆయన అలాంటి పనులను మూడు రకాలు చేశారు. ఒకరి దగ్గరున్న సమాచారం ఇంకొకరి దగ్గర లేకపోవడం, ఉన్న సమాచారం నుంచి ఆలోచించి కొత్తది రాబట్టాల్సి రావడం, ఒకే విషయంపై తలా ఒక అభిప్రాయం ఉండటం. వీటిలో రెండోదే తరగతిలో బాగా పని చేస్తుందని ఆయన తేల్చారు.

ఇవాళ్టి ఆన్‌లైన్ ఆటలను ఈ మూడు గళ్లలో వేసి చూస్తే ఏది దేనికి పనికొస్తుందో ఇట్టే తెలిసిపోతుంది. ఆటల సమర్థకులు సాధారణంగా భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ చెప్పిన భావోద్వేగ అడ్డుగోడ సిద్ధాంతాన్ని, అంటే భయం తగ్గితే భాష ఎక్కుతుందన్న మాటను ఆధారంగా చూపుతారు. అది నిజమే గానీ సగమే. భయం పోయిన పిల్లవాడికి చెప్పాల్సిన మాట కూడా ఒకటి ఉండాలి. దానికి ప్రభు లెక్కే ఎక్కువ ఉపయోగం.

చరిత్ర

తొలి ఆటల్లో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. 1970ల మధ్యలో అమెరికాలో విల్ క్రౌథర్ రాసి, 1977లో డాన్ వుడ్స్ పెంచిన ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’ గుహలో దారి వెతికే ఆట. తెర మీద వర్ణన చదివి, ‘గో నార్త్’, ‘టేక్ ల్యాంప్’ అని టైపు చేయాలి. తర్వాత వచ్చిన ‘జోర్క్’ పూర్తి వాక్యాలను కూడా అర్థం చేసుకునేది. తప్పు రాస్తే యంత్రం అర్థం కాలేదనేది. ఇంతకంటే ఓపికైన ఇంగ్లీషు టీచర్ దొరకడని కొందరు అధ్యాపకులు వెంటనే గుర్తించారు. బ్రిటన్‌లో జాన్ హిగ్గిన్స్, టిమ్ జాన్స్ 1980లలో భాష కోసమే చిన్న చిన్న ప్రోగ్రాములు రాశారు. ‘స్టోరీబోర్డ్’ అనే ప్రోగ్రాంలో పేరా మొత్తం చుక్కలుగా మారిపోతుంది. ఒక్కో మాటా ఊహించి టైపు చేస్తే అది వచ్చే చోట్లన్నీ తెరుచుకుంటాయి. 2021 అక్టోబరులో జాష్ వార్డిల్ విడుదల చేసిన వర్డిల్‌ను ఆడేవాళ్లకు ఆ ఆట దీనికి దగ్గర చుట్టమని తెలుస్తుంది.

పదిమంది ఒకేచోట కలిసి ఆడే ఆటకు మూలం ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా రిచర్డ్ బార్ట్‌ల్ కొనసాగించిన మడ్. ఆ బాటలోనే 1994లో న్యూయార్క్ అధ్యాపకురాలు జూలీ ఫాల్సెట్టీ ‘ష్మూజ్ యూనివర్సిటీ’ అనే ఊహా ప్రాంగణాన్ని తెరిచారు. ఇంగ్లీషు నేర్చుకునే వేర్వేరు దేశాల విద్యార్థులు అక్షరాలతోనే ఆ ప్రాంగణంలో తిరుగుతూ కలుసుకునేవాళ్లు, పదాల ఆటలు ఆడేవాళ్లు.

2007 అక్టోబరులో జాన్ బ్రీన్ మొదలుపెట్టిన ఫ్రీరైస్‌లో ఒక ఇంగ్లీషు మాటకు సరైన అర్థం గుర్తిస్తే ఆకలితో ఉన్నవారికి 10 గింజల బియ్యం వెళ్లేవి. 2009లో ఆయన దాన్ని ఐక్యరాజ్య సమితి ప్రపంచ ఆహార కార్యక్రమానికి ఇచ్చేశారు. తప్పు చెబితే తేలిక మాట, ఒప్పు చెబుతూ పోతే కష్టమైన మాట ఇచ్చే దాని పద్ధతి పదజాలం ఆటలకు చక్కని నమూనా. 2012లో అమెరికా విదేశాంగ శాఖ ‘ట్రేస్ ఎఫెక్ట్స్’ విడుదల చేసింది. 2045 నుంచి పొరపాటున వర్తమానానికి వచ్చిపడిన ట్రేస్ అనే విద్యార్థి తిరిగి ఇంటికి చేరడానికి అమెరికా నగరాలు తిరుగుతూ మనుషులతో సంభాషించడం దాని కథ. 12–16 ఏళ్ల ఇంగ్లీషు అభ్యాసకుల కోసమే తయారైన పెద్ద ఆటల్లో ఇది ఒకటి.

ఉపాధ్యాయులు తమ తరగతి కోసం మామూలు ఆటలను మలుచుకున్న తీరుకు గ్రాహమ్ స్టాన్లీ, కైల్ మావర్ 2011లో రాసిన ‘డిజిటల్ ప్లే’ ప్రధాన గ్రంథం. బార్సిలోనాలో పిల్లలకు పాఠాలు చెబుతూ, బ్రౌజర్‌లో ఉచితంగా దొరికే చిక్కుముడి ఆటలను వాళ్లు వాడారు. తెర ఒక్కటే, మౌసు ఒక్కరి చేతిలోనే. తలుపు తెరవాలంటే ఏం చేయాలో మిగతా తరగతి ఇంగ్లీషులో చెప్పాలి. వాక్‌త్రూను చదివి చేయడం, దాంట్లో ఖాళీలు పెట్టి ఆడుతూ పూరించడం, ఆట అయ్యాక తామే వాక్‌త్రూ రాయడం లాంటి అభ్యాసాలు ఆ పుస్తకం నుంచే ప్రచారంలోకి వచ్చాయి. అయితే అలాంటి ఆటలు ఎక్కువ భాగం ఫ్లాష్ మీద నడిచేవి. 2020 డిసెంబరు 31తో అడోబీ దానికి మద్దతు ఆపేయడంతో ఎన్నో ఏళ్ల పాఠ ప్రణాళికలు ఒక్కసారిగా అక్కరకు రాకుండా పోయాయి.

నార్వేలో 2012లో పుట్టి మరుసటి ఏడాది జనంలోకి వచ్చిన కహూట్ తరగతి క్విజ్‌కు మారుపేరైంది. దాని వెనుక ఆ దేశపు సాంకేతిక విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆల్ఫ్ ఇంగే వాంగ్ పరిశోధన ఉంది. 2015లో బెంగళూరులో అంకిత్ గుప్తా, దీపక్ జాయ్ చీనాథ్ ప్రారంభించిన క్విజిజ్ భారతీయ ఉత్పత్తి. 2025లో అది తన పేరును వేగ్రౌండ్‌గా మార్చుకుంది. క్విజ్‌లెట్‌ను ఆండ్రూ సదర్లాండ్ 2005లో, గిమ్‌కిట్‌ను జాష్ ఫైన్‌సిల్బర్ 2017లో తయారు చేశారు. ఇద్దరూ అప్పటికి అమెరికాలో హైస్కూలు విద్యార్థులే. తరగతిలో కూర్చుని విసుగెత్తిన పిల్లలే ఈ రంగానికి మంచి సాధనాలిచ్చారన్నది మనం గమనించదగ్గ విషయం.

తరగతిలో ఎలా నడుస్తుంది

క్విజ్ ఆటతో మొదలుపెడదాం. కహూట్‌లో ప్రశ్న పెద్ద తెర మీద వస్తుంది, జవాబు రంగుల గళ్లలో ఉంటుంది. సరైన జవాబుకు గరిష్ఠంగా 1000 పాయింట్లు, ఆలస్యమయ్యేకొద్దీ సగం దాకా తగ్గుతాయి. వేగానికి ఇచ్చిన ఈ విలువే దాని బలమూ బలహీనతా. ‘సిన్స్’, ‘ఫర్’ మధ్య తేడాను ఆలోచించి తేల్చుకోవాల్సిన పిల్లవాడు చేతికందిన రంగు నొక్కేస్తాడు. క్విజిజ్‌లో ప్రశ్న ఎవరి తెర మీద వాళ్లకే వస్తుంది, గడియారాన్ని ఆపేయవచ్చు. వ్యాకరణానికి గడియారం ఆపి ఆడించడం, ముందే నేర్చిన మాటల పునశ్చరణకు వేగం పెట్టడం సబబు. తప్పు ఎక్కువ వచ్చిన ప్రశ్న దగ్గర ఆట ఆపి, ఆ జవాబు ఎందుకు ఎంచుకున్నారో ఇద్దరు ముగ్గురిని చెప్పమనడం అసలు పాఠం. ఆ రెండు నిమిషాలు లేకుండా ఇరవై ప్రశ్నలు పరిగెత్తిస్తే మిగిలేది స్కోరుబోర్డు ఒక్కటే.

పిల్లల చేతిలో ఫోన్లు లేని చోట ప్లికర్స్ లాంటి పద్ధతి ఉంది. ఒక్కొక్కరికీ ఒక గుర్తు అచ్చేసిన అట్టముక్క ఇస్తారు. దాన్ని ఏ వైపు తిప్పి పట్టుకుంటే ఆ జవాబు. టీచర్ తన ఫోను కెమెరాను తరగతి మీదుగా తిప్పితే అందరి జవాబులూ ఒకేసారి నమోదవుతాయి. ఒక ఫోను, కాసిని ప్రింటవుట్లతో పని అయిపోతుంది. మన ప్రభుత్వ పాఠశాలలకు ఇంతకంటే అనువైనది కనిపించదు.

ఇక మాట్లాడించే ఆటలు. కెనడాలోని స్టీల్ క్రేట్ గేమ్స్ 2015లో విడుదల చేసిన ‘కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్’ను భాషా టీచర్లు ఎంతగా వాడుకున్నారో చెప్పాలంటే దాని పనితీరు దగ్గరగా చూడాలి. ఒకరికి మాత్రమే తెర మీద బాంబు కనిపిస్తుంది. దాన్ని ఆపే విధానం చెప్పే 23 పేజీల మాన్యువల్ మిగతావారి చేతిలో ఉంటుంది. బాంబు ఉన్నవాడు మాన్యువల్ చూడకూడదు, మాన్యువల్ ఉన్నవాళ్లు బాంబు చూడకూడదు. ఎన్ని తీగలున్నాయి, ఏ రంగులు, చివరిది ఏది అని ఒకరు వర్ణిస్తే, ఎర్ర తీగ లేకపోతే ఇది, ఒకటికి మించి నీలం ఉంటే అది అన్న షరతు వాక్యాలు ఇంకొకరు చదివి అర్థం చేసుకుని చెప్పాలి. ‘ఇఫ్’తో మొదలయ్యే వాక్యాలు పరీక్షలో ఖాళీలు నింపడానికే ఉన్నాయనుకునే పిల్లలకు, అవి తప్పుగా అర్థమైతే బాంబు పేలుతుందని ఇక్కడ తెలుస్తుంది. ఒక ఘట్టంలో తెర మీద ‘యువర్’, ‘యూ ఆర్’, ‘యు ఆర్’ అనే రెండే అక్షరాలు, ‘రెడ్’ అనే రంగు, అదే ఉచ్చారణ గల చదివిన ‘రెడ్’ లాంటి మాటలు వస్తాయి. చెవికి ఒకదానికొకటి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. స్పెల్లింగు అక్షరం అక్షరం చెప్పక తప్పదు, మధ్యలో అపాస్ట్రఫీ ఉందా అని అడగక తప్పదు. ప్రభు చెప్పిన మొదటి రకానికి, ఒకరి దగ్గరున్నది ఇంకొకరి దగ్గర లేని స్థితికి, దీన్ని మించిన నమూనా లేదు. ఆట కొనాలి గానీ ఒక కంప్యూటరుకు ఒకటి చాలు. మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది, అచ్చేసుకోవచ్చు. బాంబు అన్న వస్తువు నచ్చని టీచర్లు ఇదే సూత్రంతో చేతి గీత బొమ్మలను వాడుకోవడం సులువే.

ఆలోచించి కొత్తది రాబట్టే రెండో రకానికి స్వీడన్‌లో 2013లో వచ్చిన జియోగెస్సర్ సరిగ్గా సరిపోతుంది. ప్రపంచంలో ఎక్కడో ఒక రోడ్డు ఫొటో కనిపిస్తుంది. అది ఏ దేశమో మ్యాపులో గుర్తించాలి. వాహనాలు ఎటు వైపు పోతున్నాయి, బోర్డు మీద ఏ లిపి, ఎలాంటి చెట్లు అని చూసి, ‘ఇట్ మస్ట్ బి’, ‘ఇట్ మైట్ బి’, ‘ఇట్ కాంట్ బి’ అంటూ వాదించుకోవాలి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ మూడింటి తేడాను నల్లబల్ల మీద చెప్పడం ఎంత కష్టమో టీచర్లకు తెలుసు. ఇక్కడ ఎంత నమ్మకం ఉంటే ఆ మాట వాడాలన్నది వాళ్లకే తడుతుంది, ఎందుకంటే తప్పయితే పోయేది తమ జట్టు పాయింట్లు.

తెలుగు పిల్లలకు ఇంగ్లీషులో చిక్కుపడే చోట్లు తెలిసినవే. తెలుగులో ‘ఎ’, ‘ది’ లాంటివి లేవు, విభక్తులు నామవాచకం తర్వాత వస్తాయి, క్రియ వాక్యం చివర ఉంటుంది, ప్రశ్న వేయడానికి మాటల వరుస మారదు. అందుకే ‘వై యూ ఆర్ లేట్?’ అంత సహజంగా నోటి నుంచి వస్తుంది. ఈ ఒక్క దోషం మీద పని చేయడానికి, ఒకరు మనసులో అనుకున్నదాన్ని ప్రశ్నలతో రాబట్టే ఆటలు బాగా ఉపయోగపడతాయి. ఫ్రాన్స్‌లో 2007లో వచ్చిన అకినేటర్ ప్రశ్నలడుగుతూ మనం అనుకున్న వ్యక్తిని పట్టేస్తుంది. ఒకటి రెండు సార్లు పిల్లల చేత మహేశ్‌బాబునో సింధునో అనుకోమని ఆడించి, అది అడిగే ప్రశ్నలను నోటు పుస్తకంలో రాయించి, ఆ తర్వాత కంప్యూటర్ ఆపి అదే ఆటను తరగతిలో నోటితో ఆడిస్తే ‘ఈజ్ హి’, ‘డజ్ షి’, ‘హ్యాజ్ హి’ అన్న వరుస నాలుకకు పడుతుంది. మైన్‌క్రాఫ్ట్ విద్యా సంచిక 2016లో వచ్చింది. దానితో చేయించగల పనులు చాలా ఉన్నా, ప్రతి పిల్లవాడికీ మంచి కంప్యూటరు, లైసెన్సు కావాలి కాబట్టి మన పరిస్థితిలో అది కొద్ది బడులకే పరిమితం.

పరిశోధన ఏం తేల్చింది

స్వీడన్ పరిశోధకురాలు పియా సుండ్‌క్విస్ట్ 2009లో, బడి బయట పిల్లలకు అందే ఇంగ్లీషుకు ‘ఎక్స్‌ట్రామ్యూరల్ ఇంగ్లీష్’ అని పేరు పెట్టారు. పీటర్ విక్‌స్ట్రోమ్‌తో కలిసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఆమె 15–16 ఏళ్ల 80 మందిని చూశారు. వారానికి 5 గంటలకు మించి ఆటలాడేవారి వ్యాసాల్లో అరుదైన మాటలు ఎక్కువగా కనిపించాయి, ఇంగ్లీషులో వారి గ్రేడ్లూ మెరుగ్గా ఉన్నాయి. అయితే ఆడటం వల్లే భాష వచ్చిందా, భాష వచ్చినవాళ్లే ఎక్కువగా ఆడుతున్నారా అన్నది ఇలాంటి అధ్యయనం తేల్చలేదు. పైగా స్వీడన్ పిల్లలకు టీవీలో, సినిమాలో, వీధిలో ఇంగ్లీషు వినపడుతూనే ఉంటుంది. అక్కడి ఫలితాన్ని పాడేరులోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న బడికి యథాతథంగా అన్వయించకూడదు.

అందరూ చదవాల్సింది జొనాథన్ డీహాన్ బృందం జపాన్‌లో చేసి 2010లో ప్రచురించిన ప్రయోగం. 80 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను జంటలు చేశారు. ఒకరు ఇంగ్లీషు పాటల వీడియో గేమ్ ఆడతారు, రెండోవారు పక్క తెర మీద అదే చూస్తారు. తర్వాత మాటలు గుర్తున్నాయా అని పరీక్షిస్తే చూసినవారికే ఎక్కువ గుర్తున్నాయి. ఆడినవారి ధ్యాస బొత్తాలు నొక్కడంలో పోయింది. ఆట ఎంత చేతినిండా పని పెడితే భాషకు అంత తక్కువ చోటు మిగులుతుందన్న హెచ్చరిక ఇది. ఒకరు ఆడుతుంటే మిగతావారు చూస్తూ చెప్పే పద్ధతి పరికరాల కొరత వల్ల వచ్చిన రాజీ అని చాలామంది అనుకుంటారు. ఈ ఫలితం చూశాక దాన్ని రాజీ అనడానికి వీల్లేదు.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ‘ది సిమ్స్’ ఆటతో చేసిన రెండు అధ్యయనాలు (2006, 2008) ఇంకో వైపు నుంచి ఇదే చెబుతాయి. ఆటకు తోడు పదాల జాబితాలు, అభ్యాసాలు తప్పనిసరిగా చేయించినప్పుడు మాటలు నిలిచాయి. థాయిలాండ్ విద్యార్థులకు ‘రాగ్నరాక్ ఆన్‌లైన్’ ఆటను మార్చి ఇచ్చిన హేయో రైండర్స్, సోరాడా వట్టానా వాళ్లు తరగతిలో కంటే ఆటలో చాలా ఎక్కువగా ఇంగ్లీషు వాడారని 2011లో రాశారు. వాక్యాల నాణ్యత మాత్రం పెరిగిన దాఖలా లేదు. నోరు తెరిపించడం ఆట పని, వాక్యం చక్కబెట్టడం టీచర్ పని అన్నమాట.

ఆట పాతబడితే ఏమవుతుంది? కహూట్‌ను అయిదు నెలలపాటు తరచుగా వాడిన తరగతిని ఆల్ఫ్ ఇంగే వాంగ్ పరిశీలించి 2015లో ఫలితాలు ప్రచురించారు. విద్యార్థుల ఉత్సాహం చెప్పుకోదగ్గంత పడిపోలేదు గానీ, తరగతిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, కదలిక తగ్గాయి. ఇంగ్లీషు తరగతికి నష్టం కలిగించేది సరిగ్గా అదే.

భారతదేశంలో, తెలుగు నేలపై

మాథ్యూ కామ్ 2004లో మొదలుపెట్టిన మిల్లీ ప్రాజెక్టు ఉత్తరప్రదేశ్ పల్లె పిల్లలకు సెల్‌ఫోన్ ఆటలతో ఇంగ్లీషు నేర్పే ప్రయత్నం. విదేశీ ఆటల నమూనాలు పల్లె పిల్లలకు అంతుపట్టలేదని గ్రహించి, ఆ బృందం 28 సంప్రదాయ గ్రామీణ ఆటలను అధ్యయనం చేసి వాటి తీరులో కొత్తవి తయారు చేసింది. అవి చిన్న తరగతులకు ఉద్దేశించినవే అయినా అందులో హైస్కూలుకూ పనికొచ్చే పాఠం ఉంది. దాగుడుమూతలు, పులి–మేక, అంత్యాక్షరి నియమాలు తెలిసిన పిల్లవాడికి కొత్త ఆట నియమాలు వివరించడంలో సగం పీరియడ్ పోగొట్టుకోనక్కరలేదు.

హైదరాబాద్‌లో సుగతా మిత్రా బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం ఆట పేరుతో చేసింది కాదు, కానీ ఆట లక్షణమంతా దాంట్లో ఉంది. ఒక సాధారణ ప్రైవేటు పాఠశాలకు చెందిన 12–16 ఏళ్ల పిల్లలకు, మాటను విని టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ ఇచ్చి వదిలేశారు. వాళ్ల ఉచ్చారణ దానికి అర్థం కాక మొదట్లో తెర మీద అర్థంపర్థం లేని మాటలు పడేవి. తాము చెప్పింది తెర మీద సరిగా పడేదాకా వాళ్లు ప్రయత్నిస్తూ పోయారు, కొన్ని నెలల్లో ఉచ్చారణ మెరుగుపడింది. ఓడినా ఎవరూ తిట్టరు, మళ్లీ ఆడవచ్చు అన్న ఆ రెండు షరతులే పిల్లలను అన్ని నెలలు కూర్చోబెట్టాయి.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 నుంచి 1–8 తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు ట్యాబ్‌లు పంచారు. ఆ తర్వాత హైస్కూళ్లకు తాకుతెర ప్యానెళ్లు వచ్చాయి. సైన్సూ సోషలూ ఇంగ్లీషులోనే చదవాల్సి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడే అవకాశం మాత్రం తరగతిలో చాలా తక్కువ. గోడ మీది ప్యానెల్ వీడియో పాఠం చూపించడానికే పరిమితమైతే వాళ్లు శ్రోతలుగానే మిగులుతారు. అదే తెర మీద జియోగెస్సర్ లాంటి ఆట పెట్టి, తరగతిని నాలుగు జట్లు చేసి, ప్రతి జట్టుకూ ఒక రాసేవారిని, ఒక చెప్పేవారిని పెట్టి, వారం వారం ఆ బాధ్యత మారిస్తే నలభై మందికీ నోరు విప్పే వంతు వస్తుంది. నెట్ ఆగిపోతుందన్న భయం ఉన్నచోట ముందురోజే తెరబొమ్మలు దాచి పెట్టుకోవాలి. 2023–24 అధికారిక లెక్కల్లో దేశంలో ఇంటర్నెట్ ఉన్న బడులు సగానికి కాస్త మాత్రమే ఎక్కువ కాబట్టి ఈ జాగ్రత్త అందరికీ అవసరం.

భద్రత, చట్టం

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు ఆటలను నిషేధిస్తూనే, విద్యకు పనికొచ్చే ఆటలను ప్రోత్సహించాలంది. తల్లిదండ్రుల సమావేశంలో ఈ తేడా చెప్పాల్సిన బాధ్యత పాఠశాలది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే. వారి వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. అందువల్ల పిల్లల పేర్లతో ఖాతాలు తెరవకుండా, ఒక కోడ్‌తో చేరే ఆటలను, మారుపేర్లతో ఆడించడం క్షేమం. అపరిచితులతో చాట్ ఉండే ఆటలను తరగతికి తేకూడదు. ఈ విషయంలో మినహాయింపులు వద్దు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో గేమింగ్ డిజార్డర్ కూడా చేరింది కనుక, పాఠం కోసం ఆడే ఆటకు మొదలూ చివరా టీచర్ చేతిలో ఉండాలి.

ఆటను హోంవర్కుగా ఇచ్చే విషయంలో మరో చిక్కు ఉంది. 14–18 ఏళ్ల వారిపై 2023లో జరిగిన ‘అసర్’ అనే విద్యా సర్వేలో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నట్టు తేలింది. అయితే ఫోన్ వాడటం వచ్చిన వారిలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం కాగా అమ్మాయిలు 19.8 శాతమే. ఇంట్లో ఆడి రమ్మంటే అన్న చేతిలోనో నాన్న చేతిలోనో ఉన్న ఫోన్ కోసం అడిగి, కాదనిపించుకుని, మర్నాడు స్కోరుబోర్డులో అట్టడుగున పేరు చూసుకోవాల్సింది ఎక్కువగా ఆడపిల్లలే. ఈ ఆటలకు చోటు బడి పీరియడ్‌లోనే ఉండాలని, ఇంటి ఆటకు మార్కులు ముడిపెట్టకూడదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.